నలభై మూడు అభిప్రాయాలు

అక్టోబర్ 17, గురువారం

మీటింగు. మళ్ళీ కాగితాలు. ఈసారి చిన్నపిల్లల్ని చూసుకునే చోట్ల మీద కొత్త నియమాలు వస్తున్నాయట. ప్లే స్కూళ్ళు, క్రెష్‌లు, ఇంట్లోనే పదిమంది పిల్లల్ని పెట్టుకుని చూసేవాళ్ళు, అందరికీ రిజిస్ట్రేషన్ ఉండాలి, గేటుండాలి, బాత్రూం ఉండాలి, ఇంతమంది పిల్లలకు ఇంతమంది మనుషులని లెక్కుండాలి. ఇంకా ముసాయిదానే. ఖాయం చేసేముందు ప్రజల అభిప్రాయం తీసుకోవాలి. నాలాంటి అంగన్‌వాడీ సూపర్‌వైజర్లు ఒక్కొక్కరు నలభై ఫారాలు తేవాలి, సోమవారం లోపల.

"ప్రజలంటే ఎవరు మేడం?" అని అడిగాను. ముందు వరసవాళ్ళు నవ్వారు. మా పై ఆఫీసరు మంజులత మేడం నవ్వలేదు. నీ సెక్టార్లో ఉన్నవాళ్ళే ప్రజలు, ఎక్కువ ఆలోచించకు అంది.

ఫారంతో పాటు నింపిన నమూనా ఒకటి ఇచ్చారు. ఎవరు రాశారో, ఏ ఊరిదో తెలియదు. ఎలా నింపాలో తెలియడానికట. జవాబులు కూడా ముందే ఇచ్చాక ఇక అభిప్రాయానికి పనేముంది? శనివారం గుట్టకింది కాలనీ అంగన్‌వాడీ సెంటర్లో గుడ్లు పంచే రోజు. అక్కడే కానిచ్చేస్తాను.

అక్టోబర్ 19, శనివారం

నలభై అడిగితే నలభై మూడు తెచ్చాను.

గుడ్ల రోజు తల్లులందరూ ఒక్కచోటే దొరుకుతారు. అయితే పొద్దున్నే రావాలి. పత్తి ఏరడానికి తీసుకెళ్ళే ఆటోలు దేవరకొండ రోడ్డు మీద ఒకటే హారన్ కొడుతుంటాయి. టీచర్ నాగరాణి పేరు పిలిచేది, ఆయా గుడ్లూ బాలామృతం ప్యాకెట్టూ ఇచ్చేది, నేను స్టాంప్ ప్యాడ్ జరిపేదాన్ని. ఒక వేలిముద్ర గుడ్ల రిజిస్టర్లో, ఇంకొకటి ఖాళీ ఫారం మీద. సంతకం వచ్చినవాళ్ళు సంతకం. ముందు వేలు, తర్వాత రాత. మా శాఖలో ఎప్పుడూ ఇంతే. అలా చేయకపోతే ఒక్క రిజిస్టరూ తెమలదు.

రూప ఒక్కతే ఆగి, రెండోది దేనికని అడిగింది. ఇది కూడా సర్కారుదే అన్నాను. అబద్ధమైతే కాదు.

చంకల్లో పిల్లలున్నవాళ్ళు ఎదురు సందులోకి నడిచారు. అక్కడ బిక్షమ్మ ఇల్లు. పిల్లల్ని ఆమె దగ్గర దించేసి ఆటో ఎక్కుతారు, మళ్ళీ పొద్దుమూకిన తర్వాతే రావడం. నేను ఆ సందులోకి పోలేదు. తీరిక లేదు.

అక్టోబర్ 20, ఆదివారం

ప్రార్థనకు పోలేదు. తలనొప్పి అని చెప్తే మా ఆయన ఒక్కడే పోయాడు.

నలభై మూడూ రాసేశాను. మొదటి రెండింటిలో మాటలు కాస్త అటూ ఇటూ మార్చాను. తర్వాత అది కూడా ఎందుకనిపించింది. మూడో ప్రశ్న, మీ దగ్గర అనుమతి లేకుండా పిల్లల్ని చూసే చోట్లు ఉన్నాయా. ఉన్నాయి. నాలుగోది, మీరు గమనించిన లోపాలేమిటి. "గాలి వెలుతురు లేవు. పిల్లలను నిద్రపుచ్చడానికి కల్లు, మత్తు మందులు పడుతున్నారు." ఆరోది, అలాంటి చోట్లను మూసివేయాలా. అవును.

అంతా నమూనాలో ఉన్నదే. నా సొంతంగా ఒక్క అక్షరం చేర్చలేదు. అయినా ఎవరు చదువుతారు? కట్ట కట్టి హైదరాబాద్ పంపిస్తారు. అక్కడ ఎన్ని వచ్చాయో చూసుకుని మూల పడేస్తారు.

అక్టోబర్ 21, సోమవారం

ఇచ్చేశాను. అందరికంటే ముందు నేనే. మల్లికను చూసి నేర్చుకోండి అని మేడం అందరి ముందూ అంది.

అక్టోబర్ 29

ఆఫీసు, బస్సు, ఇల్లు.

నవంబర్ 4, సోమవారం

ఎవరో చదివారు.

పదహారేళ్ళ సర్వీసులో మా కాగితాలు ఒకరు చదవడం ఇదే మొదటిసారి. ఒకే కాలనీ నుంచి నలభై మూడుమంది తల్లులు, నలభై మూడుమందీ పిల్లలకు మత్తు ఇస్తున్నారని రాశారు, వెంటనే చర్య తీసుకోండని పైనుంచి ఉత్తరం. ఆ కాలనీలో పిల్లల్ని చూసే ఇల్లు ఒక్కటే. విచారణ అయ్యేవరకు మూసేయాలని బిక్షమ్మ పేరు మీద నోటీసు తయారైంది. నీ సెక్టారే కదా, నువ్వే ఇచ్చి రా అంది మంజులత మేడం.

రేపు నార్కట్‌పల్లిలో ట్రైనింగ్ ఉందని చెప్పి నాగరాణికి పంపాను. ట్రైనింగ్ నిజమే. మధ్యాహ్నం నుంచి.

నవంబర్ 5, మంగళవారం

నాగరాణి ఫోన్ చేసింది. బిక్షమ్మకు చదువు రాదు. నోటీసు తీసుకుని, బడికి పోతున్న రూప కూతురు పూజను పిలిచి చదవమందట. నాలుగో తరగతి పిల్ల. ఒక్కో మాటా కూడబలుక్కుని, "తల్లుల ఫిర్యాదు", "కల్లు", "మత్తు" అన్నీ గట్టిగా చదివిందట. చుట్టూ పిల్లలు.

బిక్షమ్మ మాత్రం తల్లులు వచ్చేదాకా పిల్లల్ని చూసి, అందరినీ అప్పజెప్పి, ఉయ్యాలలకు కట్టిన పాత చీరలు విప్పి, ఉతికి, ఎవరి చీర వాళ్ళింటికి పంపేసిందట. తలుపేసుకుంది. రూప పోయి బతిమాలితే లోపలి నుంచే, "మీ చేతులతోనే రాసిండ్రు గద, మీ పిల్లలను మీరే సూసుకోండి" అందట.

మేమేం రాయలేదని రూప అంటే నమ్మలేదట. ఎట్లా నమ్ముతుంది, వేలిముద్రలున్నాయి.

నవంబర్ 6, బుధవారం

ఒక మాట రాసుకోవాలి. ఆ నియమాలు తప్పు కాదు. ఒక్క గది. అందులోనే పొయ్యి. పద్నాలుగు మంది పిల్లలు, ఒక్క ముసలామె. బాత్రూం లేదు. ఏదైనా అయితే ఎవరు జవాబు చెప్తారు? పిల్లల మేలు కోసం గట్టి నియమం ఉండాలని ఎవరైనా అంటారు. నేను రాసిందీ అదే.

కల్లు మాట తప్ప. ఆ మాట నమూనాది. నమూనా ఇచ్చింది మేడం, మేడంకు ఇచ్చింది ఇంకెవరో. తిలా పాపం తలా పిడికెడు.

నవంబర్ 7

నిన్న రాసింది మళ్ళీ చదివాను. అందులో ఒకటి రాయలేదు. ఆ గదిలో పొయ్యి ఉందని నాకెలా తెలుసు? మా సుస్మిత రెండేళ్ళు అక్కడే పెరిగింది. నేను అదే కాలనీలో అంగన్‌వాడీ టీచర్‌గా చేరినప్పుడు దానికి ఎనిమిది నెలలు. ఊళ్ళో పిల్లలందరికీ నేను పాటలు చెప్పేదాన్ని, నా పిల్లకు బిక్షమ్మ పెద్దమ్మ అన్నం తినిపించేది. కాళ్ళు చాపుకుని, వాటి మీద బోర్లా పడుకోబెట్టి నీళ్ళు పోసేది. సాయంత్రం పోతే అది నా దగ్గరికి రాకుండా ఆమె కొంగు పట్టుకునేది. అప్పుడు నాకు కోపం వచ్చేది కూడా.

ఏ రోజూ పిల్ల మత్తుగా లేదు. ఏ రోజూ.

నవంబర్ 9, శనివారం

గుట్టకింది కాలనీ సెంటర్ తనిఖీ చేశాను. కొత్తగా ఇద్దరే పిల్లలు వచ్చారు. మిగతావాళ్ళు ఏరని నాగరాణిని గద్దించాను. ఆమెకూ ఒళ్ళు మండింది. "సెంటరు నాలుగింటికి బందైతది మేడం, పత్తి ఏరేటోళ్ళు ఏడింటికొస్తరు. నడుమ మూడు గంటలు పిల్లలను ఎవరికియ్యాలె?" అంది.

నాకు తెలియదా. నేను టీచర్‌గా చేసిన సెంటరే కదా.

దాచడం ఎందుకు, ఇది నేను తప్ప ఎవరూ చదవరు. ఆగస్టులో ఈ సెంటర్ హాజరు తక్కువుందని నాకు మెమో వచ్చింది. పిల్లలంతా బిక్షమ్మ దగ్గర ఉంటున్నారని జవాబు రాశాను. ఆ ఇల్లు లేకపోతే హాజరు పెరుగుతుంది కదా అని అప్పుడే అనుకున్నాను. ఆ ఆదివారం ఫారాల్లో "అవును" అని రాస్తున్నప్పుడు కూడా అనుకున్నాను. నమూనా చూసి రాశానన్నది నిజమే. ఆ నమూనా నాకు పనికొచ్చిందన్నది కూడా నిజం. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఇరవై రోజులుగా ఈ పుస్తకంలోనే నన్ను నేను మోసం చేసుకుంటున్నాను.

నవంబర్ 14, గురువారం

బాలల దినోత్సవం. సెంటర్లన్నీ తిరిగి చాక్లెట్లు పంచాను, ఫోటోలు తీసి గ్రూపులో పెట్టాను. తిరిగొస్తుంటే పత్తి చేను గట్టు మీద పూజ కనిపించింది. ఏడాదిన్నర తమ్ముడు చంకలో ఉన్నాడు. ఆ పిల్లే ఒక పక్కకు వంగిపోయి ఉంది. ఆటో ఆపి బడికెందుకు పోలేదని అడిగాను. "తమ్ముని ఎవరు వట్టుకోవాలె మేడం?" అంది. ఎన్ని రోజులైందని అడగలేదు. నాకు తెలుసు. మిగిలిన చాక్లెట్లు దాని చేతిలో పోసి ఆటో ఎక్కాను. ఇంత సిగ్గుమాలిన పని నేనెప్పుడూ చేయలేదు.

నవంబర్ 18, సోమవారం

పిల్లాడి చెయ్యి విరిగింది.

గట్టు దిగుతుంటే పూజ జారి పడిందట, పిల్లాడు కింద, ఈ పిల్ల మీద. దేవరకొండ దవాఖానకు పోయాను. మోచేతి దాకా పట్టీ వేశారు. ఏడ్చి ఏడ్చి పడుకున్నాడు. రూప నన్ను చూసి లేచి, కూర్చున్న కుర్చీ నాకిచ్చింది. నేను కూర్చున్నాను కూడా.

కాలనీలో ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదట. ఎవరు రాశారో తెలియక, నువ్వంటే నువ్వని తిట్టుకుంటున్నారు. "ఆ ముసలిదానికి మేము ఏం అన్యాయం జేసినం మేడం? మా మీద అలిగి కూసున్నది. నాకైతే సమజైతలేదు" అంది రూప.

పూజ బెంచీ చివర కూర్చుని ఉంది. నన్ను చూడగానే నిలబడింది, బడిలో లేచినట్టు.

"తప్పు నాదే మేడం. నేనే పడేసిన."

తల నిమిరి వచ్చేశాను.

నవంబర్ 19

చెప్పలేదు.

నవంబర్ 20, బుధవారం

నల్లగొండ హాస్టల్ నుంచి సుస్మిత ఫోన్. చదువు, తిండి, మంచినీళ్ళు అన్నీ అయ్యాక, "బిక్షమ్మవ్వ ఎట్లున్నదమ్మా?" అని అడిగింది. అది ఎప్పుడూ అడుగుతుంది. ఈసారి ఎందుకు అడిగిందా అనుకున్నాను. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నా బతుకు. బాగుంది అని చెప్పాను.

నవంబర్ 25, సోమవారం

రేపు మండలాఫీసులో బహిరంగ సమావేశం. నియమాల మీద ప్రజలతో నేరుగా మాట్లాడటానికి హైదరాబాద్ నుంచి ఒక సారు వస్తున్నాడు. బిక్షమ్మను కూడా పిలిపించారు. మనుషుల్ని పోగుచేసే పని నాదే. కాలనీ తల్లులు నా మాట మీద ఒక పూట కూలి వదులుకుని వస్తామన్నారు. కంచే చేను మేసిందని వాళ్ళకింకా తెలియదు.

నవంబర్ 26, మంగళవారం

అంతా వరసగా రాస్తాను. ఒక్కటి కూడా వదలను.

ముందు దేవరకొండ ప్లే స్కూలాయన మాట్లాడాడు. గేటూ కెమెరా అంటే ఫీజులు పెంచాల్సి వస్తుందన్నాడు. తర్వాత రూప లేచింది. చంకలో పట్టీ చేతి పిల్లాడు.

"పొద్దుగాల ఆటో ఎక్కితే పొద్దుమూకి దిగుతం సారూ. అంగన్‌వాడి నాలుగింటికే బందు. సర్కారు పొద్దుమూకేదాక మా పిల్లలను సూస్తదా? సూడకపోతే, సూసేటామెకు తోడు ఇంకో మనిషిని ఇయ్యిండ్రి, ఒక బాత్రూం కట్టియ్యిండ్రి. ఉన్నది బందు వెట్టుడేంది?"

ఇది అభిప్రాయం. నలభై మూడు ఫారాల్లో ఇందులో ఒక్క ముక్క లేదు.

సారు ఫైలు విప్పాడు. మరి ఇదెవరి వేలిముద్రని రూపకు ఒక కాగితం చూపించాడు. అందులో ఏముందో చదివాడు. రూప తన బొటనవేలు చూసుకుంది. నేను గిట్ల రాయియ్యలేదు అంది. మాట మారుస్తున్నావా అన్నాడు సారు. మిగతా తల్లులు బిగుసుకుపోయి కూర్చున్నారు.

అప్పుడు బిక్షమ్మ లేచింది. బాగా చిక్కిపోయింది. నా ఇంట్లో కల్లు చుక్క చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే లేవండి అంది. ఎవరూ లేవలేదు. లేనిది చూడలేదని చెప్పడానికైనా లేవండి అంది. సారు ముందు ఎవరికీ ధైర్యం రాలేదు. ఆమె హాలంతా వెతికి, గోడ పక్కన రిజిస్టర్ పట్టుకుని నిలబడ్డ నన్ను చూసింది.

"అగో, మల్లిక మేడం ఉన్నది. ఆమె బిడ్డను రెండేండ్లు నా కాళ్ళ మీద పెంచిన. ఆమెను అడుగుండ్రి. ఆమె అబద్ధమాడది."

అందరూ నా వైపు తిరిగారు. నేను చెప్పాను. బిక్షమ్మ పిల్లల్ని కన్నబిడ్డల్లా చూసుకుంటుంది, మత్తు ఇవ్వడం నేనెప్పుడూ చూడలేదు, నా కూతురే సాక్ష్యం అన్నాను. ఇంతటితో అయిపోయిందనుకున్నాను. నిజమే చెప్పాను కదా, ఆమె పేరు నిలబెట్టాను కదా అని లోపల ఎంత హాయిగా అనిపించిందో.

అంటే ఈ నలభై మూడుమందీ అబద్ధం రాశారన్నమాట, అలాంటప్పుడు వీళ్ళ మీద ఏం చర్య తీసుకోవాలో చూడాలి అన్నాడు సారు. బిక్షమ్మ తల్లుల వైపు తిరిగింది. ఒక్కొక్కరినీ చూసింది. వాళ్ళల్లో ఇద్దరు ముగ్గురిని ఆమే పెంచింది.

"ఇన్నరా. సదువుకున్న పిల్లకున్న ధర్మం మీకు లేకపాయె."

రూప తల దించుకుంది. చేయని తప్పుకు తల దించుకుంది, నేను తలెత్తుకుని నిలబడ్డాను. ఇక ఊరుకోలేకపోయాను.

"ఆ కాగితాలు వాళ్ళు రాయలేదు. నేను రాసిన. గుడ్ల రిజిస్టర్ అనుకుని వాళ్ళు వేలు పెట్టిండ్రు" అన్నాను.

నా నోట్లో మా ఊరి మాటే వచ్చింది. సారు అర్థం కానట్టు చూశాడు. మళ్ళీ చెప్పాను, మొదటి నుంచి. నమూనా సంగతి, ఆగస్టు మెమో సంగతి, హాజరు సంగతి. కూర్చో మల్లికా అని మంజులత మేడం రెండుసార్లు అంది. కూర్చుంటే మళ్ళీ లేవనని తెలుసు, అందుకే కూర్చోలేదు.

ఎవరూ అరవలేదు, తిట్టలేదు. తిడతారనే నిలబడ్డాను. రూప మాత్రం నెమ్మదిగా, "గుడ్లకని ఏలు వెట్టిచ్చుకున్నవా మేడం?" అంది. అవునన్నాను. నాకు ఆ రోజే అనుమానమొచ్చి అడిగిన గదా అంది. అవునన్నాను.

బిక్షమ్మ నా వైపు చూడలేదు. కర్ర పట్టుకుని బయటికి నడిచింది. ఆమె వెనకాలే ఒకరి తర్వాత ఒకరు తల్లులందరూ పోయారు. హాల్లో కుర్చీలూ మేమూ మిగిలాం.

బయట మెట్ల మీద పూజ కూర్చుని ఉంది. దాని ముందు కూర్చుని, తమ్ముడు పడిపోవడంలో నీ తప్పు లేదు, నా తప్పు వల్ల అట్లయింది అని చెప్పాను. "మరి పడేసింది నేనే గద" అంది.

నవంబర్ 27, బుధవారం

మెమో వచ్చింది. వారంలో సంజాయిషీ ఇవ్వాలి, సెక్టార్ బాధ్యతలు వేరొకరికి. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. బిక్షమ్మ నోటీసు వెనక్కి తీసుకున్నారు. అభిప్రాయాలు మళ్ళీ తీసుకుంటారట, ఈసారి ఇంటింటికీ పోయి, వాళ్ళు చెప్తుంటే రాసి.

మా ఆయన మెమో రెండుసార్లు చదివి మడిచి ఇచ్చాడు. "నాకన్నా చెప్పకపోతివి" అన్నాడు. అన్నం తినలేదు. సుస్మితకు నేనే ఫోన్ చేసి చెప్పాను. అది అంతా వింది. తర్వాత, నేను అవ్వకు ఫోన్ చేసుకుంటా అని పెట్టేసింది.

నవంబర్ 30, శనివారం

సందులోకి పోయాను.

తలుపు తీసే ఉంది. లోపల ఐదుగురు పిల్లలు. రూప కొడుకు పట్టీ చేయి పొట్ట మీద పెట్టుకుని నిద్రపోతున్నాడు. పూజ బడికి పోయిందట, వాకిట్లో బియ్యం చెరుగుతున్న పక్కింటి ముసలామె చెప్పింది. నేను గడప బయట నిలబడ్డాను. బిక్షమ్మ ఒక పిల్లకు పాలబువ్వ పెడుతోంది. రా అనలేదు, పో అనలేదు.

పెద్దమ్మా అన్నాను. క్షమించమని అడగాలని దారంతా మాటలు కూడబెట్టుకుని వచ్చాను. ఆమె ఆ పిల్లకు ముద్దలన్నీ పెట్టింది, మూతి తుడిచింది, చాప మీద దించింది. అప్పుడు తలెత్తి చూసింది. కోపంగా లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

"నలభై మూడు కాయితాలు రాసినవంట గద బిడ్డా. అన్నిట్ల నా ఇంట్ల కల్లు పోస్తరనే రాసినవంట. యాడన్న ఒక్క కాయితం కాడ నీ చెయ్యి ఆగలేదా?"

తిరిగి వచ్చేశాను. జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ఆగింది పెద్దమ్మా. ఇరవై తొమ్మిదో కాగితం దగ్గర ఆగింది. రీఫిల్ అయిపోయింది. ఇంకొకటి వేసుకుని రాశాను.